మా అత్తయ్య ఆకలి

ఎప్పుడో నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకతె పోయిన నెల తాడేపల్లిగూడెంలో మా ఇంటికి వచ్చింది. ఇప్పుడు తనూ కాలేజీలో తెలుగు చెబుతోంది. ఓ నవల రాసిందట. దానికి ముందుమాట నేనే రాయాలని పట్టుబట్టింది. "ప్రేమ కథలూ దుఃఖం కథలూ ఎలా చదవాలో మాకు నేర్పింది మీరేనండీ. క్లాసులో మీరు పైకి చదువుతుంటే వెనక బెంచీల్లో మగపిల్లలు కూడా కళ్ళు తుడుచుకునేవారు," అంది. అది ముఖస్తుతి కాదు. ముప్పై ఏళ్ళపాటు జీతం తీసుకుని నేను చేసింది ఆ పనే. కాగితాలు తీసుకుని రెండు రోజులు చదివాను. భర్త పోయిన ఒక చిన్నదాని కథ. వాక్యం మీద పట్టుంది, ఎక్కడా తొందరపడలేదు. మూడో అధ్యాయంలో ఆ పిల్ల మూడు రోజులపాటు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా కిటికీ దగ్గర నిలబడి వాన చూస్తూ ఉంటుంది. దుఃఖం ఆమెను మరింత అందంగా చేసిందని ఆ అధ్యాయం చివరి మాట. అక్కడ కాగితాలు పక్కన పెట్టేశాను. మర్నాడు ఫోన్ చేసి రాయలేనని చెప్పాను.

"బాగాలేదా మేడమ్?" అని అడిగింది.

"బాగుందమ్మా. అందుకే రాయలేను," అన్నాను.

ఆ అమ్మాయి నొచ్చుకుంది. సరేనండీ అని మర్యాదగానే పెట్టేసింది గాని, ఇక మా గుమ్మం తొక్కదు. కారణం చెప్పాలంటే మా సుగుణత్తయ్య గురించి చెప్పాలి. ఆవిడ గురించి నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. చెబితే పోయేది నా పరువే.

నా చిన్నప్పుడు మేము ఏలూరులో ఉండేవాళ్ళం. నాన్న మిషన్ బడిలో మాస్టారు. బడి వెనక సందులో పెంకుటింటి వాటా మాది. సందు చివర తివాచీలు నేసేవాళ్ళుండేవారు. తడిపి ఆరేసిన ఉన్ని వాసన పగలంతా మా ఇంట్లో తిరుగుతూ ఉండేది. ఇంటికొచ్చిన చుట్టాలు ముక్కు మూసుకునేవాళ్ళు గాని మాకు అలవాటైపోయింది. పొద్దున్నే పొయ్యి ముట్టించక ముందు ప్రార్థన. నాన్న బైబిలు తీసి అక్షరాల కింద వేలు పెట్టి చదివేవారు. ఎన్నిసార్లు చదివిన కీర్తనయినా సరే, వేలు పెట్టకుండా చదివేవారు కాదు. బడికి వెళ్ళేముందు కండువా మడత విప్పి మళ్ళీ మడిచి వేసుకునేవారు. కథల పుస్తకాలంటే ఆయనకు పడేది కాదు. "కల్పన అంటే అబద్ధమే. అబద్ధానికి అట్ట వేసినంత మాత్రాన నిజమవదు," అనేవారు. అమ్మ మూడో తరగతితో ఆగిపోయిన మనిషి. ఆవిడకు సీరియల్ అంటే ప్రాణం, కూడబలుక్కుని చదివే ఓపిక మాత్రం లేదు. అందుకని నాన్న బడికెళ్ళాక, వంటిల్లు సర్దుకున్నాక, మధ్యాహ్నం పూట వీధి అరుగు మీద చాప పరిచి నాచేత చదివించుకునేది. వారపత్రికను బియ్యం డబ్బా వెనక దాచేది. కాలేజీలో చేరాక నాకు మధ్యాహ్నాలు ఖాళీ దొరికేది, ఆ చదవడం ఇంకా జోరందుకుంది.

వినడానికి సందులో ఆడవాళ్ళు నలుగురైదుగురు వచ్చేవారు. ఎదురింటి విశాలాక్షిగారు అందరికంటే ముందొచ్చేవారు. వాళ్ళాయన తాలూకాఫీసులో గుమాస్తా. ఏడవాల్సి వస్తుందని తెలుసు గనక రుమాలు ముందుగానే బొడ్లో దోపుకుని వచ్చేవారు. నేను గొంతు తగ్గించాల్సిన చోట తగ్గించేదాన్ని, ఆగాల్సిన చోట ఆగేదాన్ని. ఎక్కడ ఆగితే ఎవరి కళ్ళు నిండుతాయో నాకు కొలత తెలిసిపోయింది. అయిపోయాక అందరూ ముఖాలు కడుక్కుని టీ తాగేవారు. ఏడ్చినవాళ్ళ ముఖాలు తలంటుకున్నవాళ్ళ ముఖాల్లా తేటగా ఉండేవి. "ఈ వారం ఎంత బాగుందో కదండీ," అనుకుంటూ ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళేవారు.

వారపత్రిక చాలక నేను కాలువ వంతెన దగ్గర అద్దె పుస్తకాల కొట్టుకి కూడా వెళ్ళేదాన్ని. అక్కడి నవలలకు గట్టి అట్టలు వేసి దారంతో కుట్టేవారు. పేజీల మూలలకు ఎందరివో కొబ్బరినూనె వేళ్ళు. అంచుల్లో పెన్సిలుతో రాసిన మాటలుండేవి. "ఇక్కడ నేను ఏడ్చాను" అని ఒకరు. దాని కింద "నేను కూడా" అని ఇంకొకరు. ముక్కూ మొహం తెలియని ఆ మనుషులు నాకు అక్కచెల్లెళ్ళలా అనిపించేవారు. నాకేదన్నా కష్టమొస్తే వీళ్ళంతా అర్థం చేసుకుంటారని ధైర్యంగా ఉండేది. నా పక్క గదిలో కష్టం ఉంటే నేను అర్థం చేసుకుంటానా అన్న అనుమానం మాత్రం ఒక్కసారీ రాలేదు.

సుగుణత్తయ్య నాన్నకు ఆఖరి చెల్లెలు. నాకంటే పదేళ్ళు పైన. కొల్లేటికోటలో బడికి మాస్టారు లేరంటే, పాఠాలు చెప్పడానికి ఒక ఏడాదికని వెళ్ళింది. ఆ రోజుల్లో అక్కడికి పడవలోనే పోవాలి. ఏడాది అయ్యేసరికి అక్కడ యాకోబు అనే ఆయన్ని చేసుకుంటానంది. ఆయన కొల్లేటి చేపల్ని ఆకివీడు స్టేషనుకు చేర్చి, ఐసు కొట్టి బుట్టల్లో సర్ది రైలెక్కించే పనిలో ఉండేవాడు. "పంతులు చెల్లెలు చేపల బుట్టలెత్తేవాడికా?" అని నాన్న ఆరు నెలలు మాట్లాడలేదు. అత్తయ్య ఏడవలేదు, బతిమాలలేదు. "నీకిష్టం లేకపోతే రాకు అన్నయ్యా," అని అక్కడి చర్చిలో పెళ్ళి చేసేసుకుంది. నేను అప్పటికి హైస్కూల్లో ఉన్నాను. నా స్నేహితురాళ్ళకు ఈ సంగతి ఎంత గొప్పగా చెప్పుకున్నానో. మా ఇంట్లోనే ఒక నవల జరుగుతోందని నా గర్వం.

మూడేళ్ళు తిరక్కుండానే ఆయన పోయాడు. గాలివానలో ఐసు పెట్టెల పడవ తిరగబడింది. నవలల్లో హీరోలు ఎవరినో కాపాడబోయి చనిపోతారు. ఈయన ఎవరినీ కాపాడలేదు. ఆ నీళ్ళు నడుము లోతు. పెట్టె ఒకటి తన మీద పడి, గుర్రపుడెక్క మొక్కల్లో కాలు చిక్కుకుని లేవలేకపోయాడు. పలకరించడానికి వచ్చినవాళ్ళంతా ముందు ఒకటే అడిగేవారు: "కొల్లేట్లో పుట్టినవాడు నడుములోతు నీళ్ళలో ఎలా పోయాడండీ? ఏమన్నా పుచ్చుకుని ఉన్నాడా?" ఎంతో మెత్తగా అడిగేవారు. అత్తయ్య ప్రతివాళ్ళకీ విసుక్కోకుండా జవాబు చెప్పేది. లేదండీ, ఆయనకు ఆ అలవాటు లేదండీ అని. నెల తర్వాత ఒక ట్రంకు పెట్టెతో ఏలూరు మా ఇంటికి వచ్చేసింది. పిల్లలు లేరు. సిగ్గు విడిచి రాస్తున్నాను, ఆవిడ రిక్షా దిగుతుంటే గుమ్మంలో నిలబడి నేను ఎదురుచూసింది మా అత్తయ్య కోసం కాదు, తరువాయి భాగం కోసం.

ఆ భాగం నాకు నచ్చలేదు. అత్తయ్య నిద్రపోయేది. ప్రార్థన వేళకు లేచేది కాదు. జుట్టు చిక్కులు పడి అట్టలు కట్టినా దువ్వుకునేది కాదు. దగ్గరికెళితే చెమట వాసన వేసేది. వీటన్నిటికీ మించి, తినేది. పొద్దున్న చద్దన్నం, పదింటికి మళ్ళీ అన్నం, మధ్యాహ్నం మాతోపాటు, మూడింటికి వంటింట్లో పీట వేసుకుని గిన్నె అడుగున మిగిలింది గోక్కుని ఆవకాయతో. తింటూ తనే ఆశ్చర్యపోయేది. "ఇదేంటి వదినా, కడుపులో నుయ్యి ఉన్నట్టుంది," అనేది అమ్మతో. అమ్మ ఏమీ అనేది కాదు. ఆవిడ లేనప్పుడు మాత్రం నాతో అనేది, "మీ అత్తకి మనసు మొద్దే. నాకైతే ముద్ద దిగేదా?" అని.

ఆయన గురించి మాట్లాడేది కూడా. ఆ మాటలు వినడానికి ఏమీ బాగుండేవి కావు. ఆయన పొగాకు నమలడం మానేశానని ఒట్టేసి చాటుగా నమిలేవాడట. ఆ రోజు పొద్దున ఇద్దరూ పోట్లాడుకున్నారట. మబ్బు పట్టింది, వెళ్ళొద్దంటే వినలేదట. "ఎన్నిసార్లు చెప్పాను, వింటేగా చచ్చినోడు," అనేది. అని, తనన్న మాట తనకే వినపడి ఆగిపోయేది. కాసేపటికి మళ్ళీ అదే పోట్లాట మొదటినుంచి చెప్పేది. ఏ మాటకు ఏ మాట అన్నాడో, తనేం విసిరికొట్టిందో, అన్నీ. పాలవాడికి చెప్పింది, విశాలాక్షిగారికి చెప్పింది, నాకైతే లెక్కలేనన్నిసార్లు చెప్పింది. నేను పుస్తకంలోంచి తలెత్తకుండా ఊఁ కొట్టేదాన్ని. ఆ పుస్తకంలో ఒక భర్త పోయిన ఆవిడ ఆయన ఉత్తరాలు చదువుకుంటూ సన్నగా కృశించిపోతూ ఉండేది. ఆవిడ కోసం నా గుండె నీరైపోయేది.

ఒక మధ్యాహ్నం అరుగు మీద సీరియల్ చదువుతున్నాను. అందరూ ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్న ఘట్టం. కథానాయిక భర్త పోయాడు. ఆమె ఆయన ఫోటో ముందు కూర్చుంది, కన్ను ఆర్పదు, కంచం ముట్టదు, అత్తగారు కలిపి పెట్టిన ముద్ద చేతిలోనే ఎండిపోయింది. నేను ఆగాల్సిన చోట ఆగాను. విశాలాక్షిగారు రుమాలు తీశారు. అప్పుడు లోపల్నుంచి అత్తయ్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేయి ఎంగిలిగానే ఉంది.

"ఎన్ని రోజులు తినలేదు?" అని అడిగింది.

"ఎవరండీ?" అన్నాను.

"ఆ పిల్ల."

"నాలుగు రోజులు."

"అలా ఉండదు గ్రేసీ. రాసినాయనకి తెలీదు. ఆకలేస్తుంది. మామూలుకంటే ఎక్కువేస్తుంది. ఎందుకేస్తుందో నాకూ తెలీదు," అంది.

వెక్కిరింపుగా అనలేదు. తనకు తెలిసిన ఒక సంగతి నలుగురిలో చెప్పింది, అంతే. నాలుగు నెలల్లో ఆవిడ మా మధ్యకొచ్చి ఒక మాట మాట్లాడటం అదే మొదలు. కాస్త జరిగి చాప మీద చోటిచ్చి ఉంటే కూర్చునేది కూడా. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. నేను నిండుగా నింపిన కుండని ఆవిడ ఎంగిలి చేత్తో ముట్టుకున్నట్టనిపించింది.

"మీరు మావయ్యని నిజంగా ప్రేమించి ఉంటే మీకూ ఆకలేసేది కాదండీ," అన్నాను.

మా వైపు ఎంత పాడు మాటకైనా చివర అండీ తగిలిస్తాం. తగిలిస్తే మాట కడిగినట్టేనని మా నమ్మకం. అరుగు మీద ఎవరూ నోరెత్తలేదు. అమ్మ చాప అంచు సర్దింది. అత్తయ్య నావైపు చూడలేదు. తన చేతివైపు చూసుకుంది. లోపలికెళ్ళి చేయి కడుక్కున్న చప్పుడు వినిపించింది. విశాలాక్షిగారు రుమాలు మడత మార్చి, "ఊఁ, చదవమ్మా, తర్వాతేమైంది?" అన్నారు. నేను చదివాను. ఆ రోజు చాలా బాగా చదివానని అందరూ అన్నారు.

ఆ తర్వాత అత్తయ్య మా ఎదుట కూర్చుని తినడం మానేసింది. ఆ పోట్లాట కథ కూడా మళ్ళీ ఎత్తలేదు. తల దువ్వుకుంది, ప్రార్థనకు లేచింది. "దారిలో పడింది," అని అమ్మ సంతోషించింది. కొన్నాళ్ళకు నాన్న తెలిసినవాళ్ళతో మాట్లాడి కామవరపుకోటలో ఆడపిల్లల హాస్టలులో వంటమనిషిగా కుదిర్చారు. ఒకప్పుడు పాఠాలు చెప్పిన మనిషి, టీచరు పని చూస్తానని నాన్న అంటే, వద్దన్నయ్యా అందట. వెళ్ళేటప్పుడు నా తల నిమిరి, "బాగా చదువుకో," అంది. ఏం చదువుకోమందో గాని, నాకు తెలిసింది నేను చదివాను.

దాంతోనే ఉద్యోగం వచ్చింది. తాడేపల్లిగూడెంలో స్థిరపడ్డాను. మా ఆయన బ్యాంకులో పనిచేసేవారు, మంచి మనిషి. పత్రికల్లో నవలల మీద వ్యాసాలు రాసేదాన్ని. దుఃఖం మనిషిని పుటం పెడుతుందనీ, గొప్ప నవల మనలో కరుణ పెంచుతుందనీ, ఇలాంటి మాటలు ఎన్ని సభల్లో చెప్పానో. చెబుతున్నప్పుడు ఒక్కోసారి గుమ్మంలో ఎంగిలి చేత్తో నిలబడ్డ మనిషి గుర్తొచ్చేది. గొంతు సవరించుకుని తర్వాతి వాక్యంలోకి వెళ్ళిపోయేదాన్ని. కామవరపుకోట మాకు ఎంతో దూరం కాదు. ఇన్నేళ్ళలో పెళ్ళిళ్ళలోనూ చావుల్లోనూ అత్తయ్యను నాలుగైదుసార్లు చూసి ఉంటాను. బాగున్నారా అంటే బాగున్నానమ్మా అనేది. అంతకుమించి నేను పోనివ్వలేదు.

రెండేళ్ళ కిందట మా ఆయన పోయారు. ఏలూరులో ఆసుపత్రిలో పది రోజులుండి, ఇంక ఇంటికి తీసుకెళదామనుకుంటుండగా పోయారు. సమాధి చేసి వచ్చాక హాలు నిండా జనం. పాత విద్యార్థులు, కాలేజీవాళ్ళు. నేను కుర్చీలో కూర్చుని ఉన్నాను. అందరూ నా ముఖంలోకి చూస్తున్నారు. నాకు ఆకలేస్తోంది. మామూలుకంటే ఎక్కువేస్తోంది. "కొంచెం పాలన్నా తాగండి మేడమ్," అని ఎవరో గ్లాసు పెట్టారు. వద్దని తల ఊపాను. అలా ఊపాలని నాకు తెలుసు. ఎక్కడ ఆగితే ఎవరి కళ్ళు నిండుతాయో కొలత తెలిసినదాన్ని కదా. మర్నాడు మధ్యాహ్నం దాకా ఓర్చుకున్నాను. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, తలుపు వారగా వేసి, నిలబడే చల్లన్నంలో మాగాయ కలుపుకుని గిన్నెడు తిన్నాను. తింటుంటే ఏడుపొచ్చింది, ఏడుస్తూనే ఇంకా తిన్నాను. మా ఆడపడుచు మంచినీళ్ళ కోసం వచ్చి చూసింది. ముఖం తిప్పుకుని వెళ్ళిపోయింది. ఆ ముఖం నాకు బాగా తెలుసు, పదిహేడేళ్ళప్పుడు నాకు ఉండేది.

దుఃఖం ఎలా ఉంటుందో నాకు నవలలు నేర్పలేదని నేను అనను. ఒకటే రకంగా ఉంటుందని నేర్పాయి. అలా కనపడనివాళ్ళకు దుఃఖమే లేదన్న మిగతా మాట నేనే కలుపుకున్నాను. పుస్తకంలో వాళ్ళు మనల్ని ఏమీ అడగరు. చెప్పిందే వందసార్లు చెప్పరు, వాళ్ళ దగ్గర వాసన రాదు, విసుగేస్తే మూసేయవచ్చు. ఇప్పటి పిల్లలు ఫోనులో అర నిమిషం వీడియో చూసి కళ్ళు తుడుచుకుని పైకి తోసేస్తుంటే మా వయసువాళ్ళు నవ్వుతారు. మేము మూడు వందల పేజీలు చూసి తోసేశాం. తేడా అంతే.

కామవరపుకోట వెళ్ళడానికి నాకు ఆ తర్వాత కూడా ఏడాది పట్టింది. ఏలూరులో బస్సు మారి, చేలూ చెరువులూ వెనక్కిపోయి మెట్ట నేల, జీడిమామిడి తోటలు వచ్చేదాకా కిటికీ పక్కన కూర్చుని ఏం మాట్లాడాలో కూడబలుక్కున్నాను. అత్తయ్యకు ఎనభై దగ్గర పడుతున్నాయి. హాస్టలు ఆవరణలోనే ఒక గదిలో ఉంటోంది. వంట ఎప్పుడో మానేసింది, పొమ్మనేవాళ్ళు లేక ఉండిపోయింది. నేను వెళ్ళేసరికి మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. మా ఆయన పోయినప్పుడు రాలేకపోయానని, మోకాళ్ళు బాగాలేవని చెప్పింది. నేను నేల మీద కూర్చున్నాను.

"అత్తయ్యా, ఏలూరులో అరుగు మీద ఆ రోజు నేనొక మాటన్నాను," అన్నాను.

"గుర్తుంది," అంది. కాయ తుంచడం ఆపలేదు.

"తప్పయిపోయిందండీ. మీకేసిన ఆకలి నాకూ వేసింది. అప్పుడు తెలిసింది."

"చిన్నపిల్లవి. నీదేముంది," అంది. ఇంకో కాయ తీసుకుని, "నువ్వన్నందుకు కాదు గ్రేసీ. అంతమందిలో ఒక్కళ్ళూ కాదనలేదు చూడు. మీ అమ్మ కూడా అనలేదు. అందరి మనసులోనూ అలాగే ఉందన్నమాట అనుకున్నాను. అప్పట్నుంచి ఆయన మాట ఎక్కడా ఎత్తలేదు. ఇక్కడ పిల్లలకి నాకు పెళ్ళయిందన్న సంగతే చాలాకాలం తెలీదు," అంది.

నేను ఒక చిక్కుడుకాయ తీసుకుని ఈనె తీయబోయాను.

"మాట్లాడకపోతే మనిషి ఉండడమ్మా. ముందు ఆయన గొంతు పోయింది. తర్వాత ముఖం పోయింది. ఫోటో ఒకటే ఉండేది, గది కురిసి తడిసిపోయింది. పొద్దున్నే కళ్ళు మూసుకుని వెతుక్కుంటాను, రాడు. అన్నయ్య లేడు, వదిన లేదు, కొల్లేట్లో వాళ్ళవాళ్ళెవరూ మిగల్లేదు. ఆయన్ని చూసినదానివి నువ్వొక్కదానివే ఉన్నావు." కాయలు పక్కన పెట్టి నావైపు తిరిగింది. "ఎలా ఉండేవాడో చెప్పు."

యాకోబు మావయ్య మా ఇంటికి అయిదారుసార్లు వచ్చాడు. వచ్చినప్పుడల్లా అరిటాకులో చుట్టి చేపలు తెచ్చేవాడు. నన్ను పేరు పెట్టి పిలిచేవాడు. అప్పుడు నేను మూల కూర్చుని చదువుకుంటూ ఉండేదాన్ని. ఆ రోజుల్లో చదివిన నవలల్లో చనిపోయిన హీరోలు నాకు ఇప్పటికీ చొక్కా రంగులతో సహా గుర్తున్నారు. మావయ్య కోసం ఎంత వెతికినా అరిటాకే కనపడుతోంది. అత్తయ్య కళ్ళు మూసుకుని ఎదురుచూస్తోంది. ఉత్తచేతులతో ఎలా లేవను? చెప్పడం మొదలుపెట్టాను. చామనచాయ అన్నాను. ఒత్తయిన జుట్టు అన్నాను. నవ్వితే కళ్ళు కూడా నవ్వేవన్నాను. మంచి పొడగరి, గుమ్మంలో తల వంచుకుని వచ్చేవారు అన్నాను. గొంతు దానంతటదే తగ్గింది, ఆగాల్సిన చోట ఆగింది.

అత్తయ్య కళ్ళు తెరిచింది.

"కాదు," అంది. "పొట్టివాడు. నా భుజం దాకా వచ్చేవాడు. అదొక్కటి మాత్రం గుర్తుంది."